తార్‌బాబు పరుగు

పందొమ్మిది వందల నలభై ఎనిమిది, సెప్టెంబరు తొమ్మిదో తేదీ, గురువారం. ఆ ఉదయం జీవరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరి కంటా పడకుండా మిషన్ దవాఖానకు వెళ్లడం, సీసాడు మందు పోయించుకోవడం, ఎవరి కంటా పడకుండా తిరిగి రావడం. రాంగోపాల్‌పేట్‌లోని వాళ్ల సందు నుంచి దవాఖానకు నడిస్తే పావుగంట. ఆ పావుగంట కడుపును బతిమాలుకోగలిగితే చాలు.

ఆ కడుపు పన్నెండు రోజులుగా ఆయన మాట వినడం లేదు.

ఎవరి కంటా పడకుండా ఉండటం కూడా జీవరాజుకు అంత తేలిక కాదు. ఆయన సికింద్రాబాదు స్టేషనులో టెలిగ్రాములు అందుకుని పంపే తారు గుమస్తా. నెల్లూరు వైపు నుంచి వచ్చి పదకొండేళ్లు అయినా పేటలో ఆయన పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ తార్‌బాబే. నిజాం సర్కారు ఉంటుందో పోతుందో, ఇండియా ఫౌజు వస్తుందో రాదో, రజాకార్లు ఏం చేస్తారో, పత్రికలు ఒకటి చెప్పేవి, రేడియోలు ఇంకొకటి చెప్పేవి. అందుకని రాంగోపాల్‌పేట్ సొంతంగా ఒక ఏర్పాటు చేసుకుంది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చే తార్‌బాబు మొహం చూసేది. మొహం మామూలుగా ఉంటే రేపటికి మినప్పప్పు నానబోసుకునేవాళ్లు. కాస్త ముడుచుకుని ఉంటే అటక మీది ట్రంకుపెట్టె కిందికి దించేవాళ్లు.

నిజానికి జీవరాజు చేతుల మీదుగా పోయే తార్లలో ఉండేవి ఫలానా వ్యాగనులో ఆముదపు గింజలు తడిశాయని, ఫలానా గార్డుకు సెలవు దొరకదని. అందుకే ఎవరు అడిగినా, "నాకేమీ తెలియదండీ" అనేవాడు. తార్లలో సంగతి బయటికి చెప్పనని ఉద్యోగంలో చేరిననాడే ప్రమాణం చేసిన మనిషి కదా. తెలియదని ఎంత గట్టిగా అంటే లోపల సంగతి అంత పెద్దదని పేటవాళ్లు ఖాయం చేసుకునేవాళ్లు.

పన్నెండు రోజుల కిందట ఒక టికెట్ కలెక్టరు బదిలీ మీద వెళ్తూ స్టేషనులో అందరికీ పెరుగువడ పెట్టించాడు. మర్నాడు పొద్దుటికి జీవరాజుకు విరేచనాలు పట్టుకున్నాయి. నేరం పెరుగువడ మీద వేసి ఆయన వైద్యం మొదలుపెట్టాడు. రెండు రోజులు దానిమ్మ బెరడు కషాయం. రెండు రోజులు పెరుగులో మెంతులు. రెండు రోజులు లంఖణం. ఇంజను డ్రైవరు ఒకాయన ఇచ్చిన పేరులేని ఎర్ర చుక్కల మందు మూడు రోజులు. ఏ మందుకూ అన్యాయం జరగకుండా, వరసలో నిలబెట్టి, ఒక్కొక్కదానికి తన వంతు ఇచ్చాడు. కడుపు మాత్రం ఏ మందుకూ వంతు ఇవ్వలేదు.

భార్య ప్రేమమణి నాలుగో రోజునే చర్చిలో ప్రార్థన అయ్యాక మిషన్ దవాఖాన మేబెల్ డాక్టరమ్మను పక్కకు పిలిచి, ఎవరికో అన్నట్టు అడిగి వచ్చింది. అప్పటి నుంచి ఆమె రోజూ అదే పాఠం చదువుతోంది.

"రెండు మూడు రోజులైతే ఉప్పు వేసిన గంజి, కాచిన నీళ్లు తాగుతూ ఉంటే దానంతటదే కడుతుందంటండీ. అంతకు మించి సాగినా, నెత్తురు పడినా, జ్వరం వచ్చినా, ఒంటేలు తగ్గినా, కళ్లు తిరిగినా ఇంట్లో పెట్టుకోవద్దంది. మీకేమో మూడు రోజులు దాటి ఎన్నాళ్లయింది?"

"అయిదు చెప్పిందా?"

"అయిదు."

"నాకున్నది ఒకటేగా."

జీవరాజు ఇరవై ఏళ్లు రైల్వేలో పనిచేసిన మనిషి. అన్ని కాగితాలూ సరిగా అందితే తప్ప బండి కదలకూడదన్నది ఆయనకు రక్తంలో ఇంకిపోయింది. అయిదు లక్షణాలు అంటే అయిదూ రావాలని అర్థం చేసుకున్నాడు. ఒకటి రాగానే పరుగెత్తడం క్రమశిక్షణ లేనివాళ్లు చేసే పని. పైగా దవాఖానకు వెళ్తే నలుగురికీ తెలుస్తుంది. విరేచనాలు అంటే పేట కలరా అంటుంది. కలరా అంటే మునిసిపాలిటీ వాళ్లు వచ్చి తలుపుకు సున్నం గీత గీసి, మనిషిని బండిలో వేసుకుని పోతారు. సంఘంలో పెద్ద, ఆదివారం వాక్యం చదివే మనిషి, అలా బండిలో పోవడమేమిటి?

రెండోది జ్వరం. ఎనిమిదో రోజున వచ్చింది. అది వానాకాలపు జ్వరమని కొట్టేశాడు. మూడోది నెత్తురు. మూడు రోజుల నుంచి పడుతోంది. అది భార్యకు చెప్పలేదు. నాలుగోది ఒంటేలు. నిన్న మధ్యాహ్నం నుంచి లేదు. ఇంకోటి మిగిలింది కదా అనుకున్నాడు. ఇవాళ పొద్దున మంచం మీద నుంచి లేచేసరికి గోడ గడియారాలు రెండు కనిపించాయి. వాళ్లింట్లో ఉన్నది ఒకటే.

"ఇవాళ సెలవు చెప్పి పంపించాను. దవాఖాన దాకా వెళ్లొస్తా" అన్నాడు, బెల్టు ఇంకో బెజ్జం లోపలికి లాక్కుంటూ. పన్నెండు రోజుల్లో అది మూడో బెజ్జం.

"నేనూ వస్తానండీ."

"వద్దు. మనిద్దరం పట్టపగలు కలిసి బయటికి నడిస్తే పేట మొత్తం మూటలు కట్టుకుంటుంది."

అందులో నిజం ఉంది కనక ప్రేమమణి ఊరుకుంది. దవాఖానలో మందు పోయడానికి సీసా మనమే పట్టుకెళ్లాలి కాబట్టి ఒకటి కడిగి, బిరడా పెట్టి ఇచ్చింది. ఒక గుడ్డ సంచి కూడా ఇచ్చింది. "దారిలో భద్రయ్య కొట్టులో బార్లీ, సగ్గుబియ్యం, నూకలు తీసుకోండి. ఉప్పు కూడా నిండుకుంది. ఇంకనుంచి మీకు ఇవే."

సందు మలుపులో పచారీ దుకాణం భద్రయ్యది. దుకాణం అరుగు మీదే కంసాలి బ్రహ్మచారి కొలిమి పెట్టుకుని కూర్చుంటాడు. ఇద్దరి నోళ్లూ దాటకుండా పేటలోకి ఏ కబురూ పోదు.

"దండం తార్‌బాబు" అన్నాడు భద్రయ్య. "ఏందీ, గింత పొద్దుగాల ఇటొచ్చిన్రు? డ్యూటీ లేదా?"

"సెలవు పెట్టాను."

బ్రహ్మచారి ఊదుతున్న గొట్టం నోటి దగ్గరే ఆగిపోయింది. "పదకొండేండ్ల సంది సెలవు పెట్టంది ఇయ్యాల పెట్టిన్రా? ఎందుకో?"

"ఊరికే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జీవరాజు అది గమనించే స్థితిలో లేడు. కడుపులో ఎడమవైపు ఏదో మెల్లగా మెలి తిరగడం మొదలుపెట్టింది.

"బార్లీ ఉందా భద్రయ్యా?"

"ఉన్నది. ఎంత ఇయ్యమంటరు?"

"ఎంతుంటే అంత ఇవ్వు. సగ్గుబియ్యం కూడా. నూకలు, ఉప్పు."

భద్రయ్య తూకం వేస్తూ ఒక్కొక్కదాన్నే చూశాడు. కందిపప్పు లేదు, కూరగాయలు లేవు, చక్కెర లేదు. "చారీ, జూసినవా" అన్నాడు గొంతు తగ్గించి. "అన్ని దినాల తరబడి నిలువ ఉండేటియే కొంటున్నడు."

"లోపట గూసొని తినేటియి" అన్నాడు బ్రహ్మచారి.

భద్రయ్య తక్కెడ పక్కన పెట్టి ముందుకు వంగాడు. "తార్‌బాబు, మీ నౌకరి ఏందో మాకెరుకే. నోరిప్పొద్దు. గని పిల్లలు గలోల్లం. ఫౌజు ఎన్నడొస్తదో జెర ఇషార జేయిండ్రి. ఇయ్యాలనా, రేపా?"

"నాకేమీ తెలియదు భద్రయ్యా."

అది చెప్తుండగానే మెలి బిగిసింది. జీవరాజు కళ్లు మూసుకున్నాడు. నుదుట చెమట పట్టింది, పెదవులు తెల్లబడ్డాయి, చెయ్యి దుకాణం బల్లను పట్టుకుంది. ఆ మొహం ఎంత స్పష్టంగా ఉందంటే, పేటలో అందరి కంటే మందబుద్ధి అయినవాడికి కూడా సంగతి తెలిసిపోయేది. తెలిసిపోయింది.

"ఇయ్యాలనే" అన్నాడు బ్రహ్మచారి.

జీవరాజు మనసులో చకచకా లెక్క వేశాడు. ఇల్లు వెనక్కి పోవాలి, పైగా ఆ ఇంటి దొడ్డి ఈ పూట పాకీ మనిషి శుభ్రం చేసే వేళ, తలుపు మూసి ఉంటుంది. దవాఖాన ముందుకు, మెల్లగా అయితే పది నిమిషాలు. మెల్లగా అయ్యే పని కాదు. సంచి బల్ల మీదే వదిలేసి, సీసా మాత్రం చేత పట్టుకుని, గిరుక్కున తిరిగి పరుగెత్తాడు.

తార్‌బాబు పరుగెత్తడం రాంగోపాల్‌పేట్‌లో ఎవరూ ఏనాడూ చూడలేదు. నెత్తిన వాన కురుస్తున్నా గొడుగు విప్పి, ఆగి, సరిచూసుకుని నడిచే మనిషి ఆయన.

"సామాన్లు సుత ఇడిసిపెట్టి ఉరికిండు" అన్నాడు భద్రయ్య. ఆ మాట పూర్తయ్యేలోపల దుకాణం తలుపుల్లో ఒకటి మూశాడు. రెండోది మూస్తూ భార్యను కేకేశాడు. "విమలా, పిల్లలను దీస్కొని ఎల్లు. తార్‌బాబు ఎటు బోతుండో అటు."

బ్రహ్మచారి కొలిమి మీద నీళ్లు గుమ్మరించి, ఉన్న బంగారం గుడ్డ తునకలో చుట్టి మొలలో దోపుకుని, వెనకే బయల్దేరాడు. బజారులో ఒక తలుపు మూసుకున్న చప్పుడు వినగానే పక్క తలుపు మూసుకుంది. దాన్ని చూసి దాని పక్కది. జట్కా నడిపే ఖాసిం సాబు గుర్రానికి గడ్డి వేస్తున్నవాడల్లా, "క్యా హువా భాయ్?" అని అడిగాడు. "తార్‌బాబు ఉరుకుతుండు" అన్నారెవరో. అంతకు మించి వివరం ఆయనా అడగలేదు. ఎవరికి భయపడి ఉరకాలన్నది ఆ రోజుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో లెక్క. ఒకడికి ఫౌజు, ఇంకొకడికి రజాకార్లు, మూడోవాడికి ఇద్దరూ. తార్‌బాబు పోయేచోటు అన్నిటి నుంచీ భద్రమైనదే అయి ఉంటుందన్నది మాత్రం అందరి లెక్కలోనూ ఒకటే.

సగం దారిలో జీవరాజుకు వెనక ఏదో చప్పుడు వినిపించింది. తిరిగి చూశాడు. బజారు బజారంతా పరుగెత్తి వస్తోంది. మూటలు, చంకలో పిల్లలు, ఒకామె నెత్తిన తొణుకుతున్న పాలగిన్నె, ఒక మేక. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి.

ఏదో ఘోరం జరిగిందనుకున్నాడు జీవరాజు. అంతమంది తరుముకొస్తున్నారంటే వాళ్ల వెనక ఏమి తరుముకొస్తోందో. తనకేమీ తెలియదు. స్టేషనులో ఈ పూట ఏం తారు వచ్చిందో ఏమో, సరిగ్గా తాను సెలవు పెట్టిన రోజే రావాలా. ఆయన వేగం పెంచాడు.

ఆయన వేగం పెంచడం చూసి వాళ్లూ పెంచారు.

దవాఖాన మిషన్ కాంపౌండులో ఉంది. చర్చి, దవాఖాన, డాక్టరమ్మ ఇల్లు అన్నింటికీ ఒకటే ఇనుప గేటు. గేటు దగ్గర కావలి నోవహు. జీవరాజు వెళ్లి రెండు చేతులా చువ్వలు పట్టుకున్నాడు.

"నోవహూ, గేటు తియ్యి. అర్జెంటు."

"తీస్తున్నానయ్యా, ఏంటి ఈ వేళప్పుడు..." అంటూ తాళంచెవి దూర్చిన నోవహు, అయ్యగారి భుజం మీదుగా రోడ్డు చూశాడు. వస్తున్న జనాన్ని చూశాడు. తాళంచెవి ఎటు తిప్పాలో అటు కాక ఇటు తిప్పాడు. బైబిలులో వరదకు ఓడెక్కిన నోవహు పేరు పెట్టుకున్నవాడు జనం వస్తుంటే తలుపు మూసెయ్యడం కొత్తేమీ కాదు. అంతటితో ఆగక, పరుగున పోయి చర్చి గంట తాడు పట్టుకుని వేలాడాడు.

గురువారం పొద్దున ఎనిమిది గంటలకు చర్చి గంట మోగేసరికి, అంతదాకా ఇళ్లలో ఉన్నవాళ్లకు కూడా అనుమానం తీరిపోయింది. వాళ్లూ వచ్చారు. గేటు ముందు నూరు మంది దాకా పోగయ్యారు. వాళ్లందరికీ ముందు, చువ్వలకు అతుక్కుని, కాలు మీద కాలు మెలివేసుకుని, చేతిలో ఖాళీ సీసాతో తార్‌బాబు.

మేబెల్ డాక్టరమ్మ తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఆమె సికింద్రాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి. గంటలకూ కేకలకూ కంగారుపడే రకం కాదు.

"ఏమైంది? ఎవరికి దెబ్బ తగిలింది?"

నూరు మందీ ఒకేసారి చెప్పారు. అందువల్ల ఎవరూ చెప్పినట్టు కాలేదు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "తార్‌బాబుగారూ, మీరు చెప్పండి."

నూరు మందీ నిశ్శబ్దమైపోయారు. మేక కూడా.

ఒక్క వాక్యం చెప్పాలి. చిన్న వాక్యం. చెప్తే గేటు తెరుచుకుంటుంది. గేటుకు అవతల ఇరవై అడుగుల్లో తెల్ల సున్నం కొట్టిన దొడ్డి గది కనిపిస్తూనే ఉంది. జీవరాజు నోరు తెరిచాడు. వెనక పదకొండేళ్ల పరువు నిలబడి వింటోంది.

"కొంచెం లోపల మాట్లాడాలి" అన్నాడు.

"జూసిన్రా" అన్నాడు బ్రహ్మచారి. "అందరి ముంగట చెప్పరానిదట."

"గట్లెట్ల?" అన్నాడు భద్రయ్య. "డాక్టరమ్మకు ఒక్కదానికే చెప్తె ఎట్ల? మేము సుత మనుషులమే గద. మాకు ఎరుక గావాలె."

"నాకేమీ తెలియదు" అన్నాడు జీవరాజు. ఈసారి ఏడుపు గొంతుతో అన్నాడు. దాంతో నమ్మకం కుదిరి ఇద్దరు ఆడవాళ్లు ఏడవడం మొదలుపెట్టారు.

గేటు చువ్వలు ఆయన కళ్ల ముందు రెండింతలయ్యాయి, తర్వాత నాలుగింతలయ్యాయి. కాళ్లు చల్లబడ్డాయి. ఇక్కడే పడిపోతే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పన్నెండు రోజులుగా ఏది దాచాడో అది నూరు మంది మధ్యన, పట్టపగలు, బయటపడుతుంది. బహుశా ప్రాణం కూడా దాంతోపాటే పోతుంది. ఈ రెండింట్లో ఏది ముందు ఆలోచించాలో తేల్చుకోలేక నిలబడ్డాడు.

జనం వెనక నుంచి ప్రేమమణి వచ్చింది.

ఆమె ఇంట్లో బట్టలు ఉతకడానికి కూర్చుని, నీళ్ల తొట్టి వెనక దోపిన మూడు పంచెలు బయటికి తీసింది. ఒక్కసారి చూసింది. తర్వాత చేతులైనా తుడుచుకోకుండా బయల్దేరింది. దారిలో ఒక్క మనిషి లేడు. ఉన్నవాళ్లు ఎటు పోయారని అడగాల్సిన పని కూడా లేకపోయింది, గంట మోగుతూనే ఉంది. తార్‌బాబు భార్య అనగానే జనం దారి ఇచ్చారు. ఆమెకైతే తెలిసే ఉంటుంది కదా అన్నట్టు చూశారు.

ఆమెకు తెలుసు. నూరు మందికీ వినపడేటట్టు చెప్పింది.

"డాక్టరమ్మా, ఆయనకు పన్నెండు రోజుల నుంచి విరేచనాలు. మూడు రోజులుగా నెత్తురు పడుతోంది, నా దగ్గర దాచారు. జ్వరం ఉంది. కళ్లు తిరుగుతున్నాయి. ఫౌజూ లేదు, ఏమీ లేదు. ఆయన దొడ్డికి పరుగెత్తుతున్నారు. గేటు తీయించండి."

కాంపౌండులో గంట ఆగింది. నోవహు తాళంచెవితో వచ్చాడు. ఈసారి సరైన వైపు తిప్పాడు. జీవరాజు లోపలికి వెళ్లడాన్ని పరుగు అనవచ్చో లేదో కానీ, ఆ ఇరవై అడుగులూ జనమంతా కళ్లప్పగించి చూశారు. తలుపు మూసుకున్నాక అందరూ ఆకాశం వైపు చూశారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన సగంలో కూలబడ్డాడు. నోవహూ ఖాసిం సాబూ చెరో రెక్క పట్టి వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మ నాడి చూసింది. నాలుక చూసింది. ముంజేతి చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. లేచిన చర్మం దిగకుండా అలాగే నిలబడింది.

"ఒంటేలు ఎప్పుడు పోసిన్రు?"

"నిన్న మధ్యాహ్నం."

"మీ ఇంటామెకు నేను చెప్పినవి అయిదు. ఒక్కటి కనిపిస్తే రమ్మన్న. మీరేమో అయిదూ కూడబెట్టుకొని వచ్చిన్రు."

"అయిదూ రావాలేమో అనుకున్నాను" అన్నాడు జీవరాజు.

"ఇంకొక్క దినం ఆగితే ఆరోది వచ్చేది. దానికి నా దగ్గరికి రానక్కరలేదు, పాస్టరుగారి దగ్గరికి పోతే చాలు" అని ఆమె సెలైను ఎక్కించడానికి లోపలికి వెళ్లింది.

ఇక్కడ జనం నవ్వుతారని జీవరాజు కళ్లు గట్టిగా మూసుకుని ఎదురుచూశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోగా ఎవరూ ఇళ్లకు కూడా పోలేదు. ఫౌజు లేదని తేలాక మూటలు ఎత్తుకుని పోవలసిన నూరు మందీ, కాంపౌండులో చెట్టుకొకరు పుట్టకొకరు నిలబడి, కాలి బొటనవేలితో నేల గీరుతున్నారు.

బ్రహ్మచారి మెల్లగా వరండా మెట్టు దగ్గరికి వచ్చాడు.

"డాక్టరమ్మా, జెర ఒక మాట. నాకు ఆరు దినాలాయె."

"ఏమాయె?"

"తార్‌బాబుకు అయినదే."

"మరి ఎందుకు చెప్పలే?"

"ఎట్ల జెప్పాలె? కలరా అంటరని పరేషాన్. పూట పూటకు వాము నములుతున్న. గది సుత భద్రయ్య దుకాణంల లేదంటుండు నాలుగు దినాల సంది."

"ఎట్లుంటది?" అంది భద్రయ్య భార్య విమలమ్మ, పిల్లను చంక మార్చుకుంటూ. "దుకాణంల ఉన్న వామంత ఈయననే బుక్కిండు. తొమ్మిది దినాల సంది. గల్లాపెట్టె కాడ అర్ధగంట కుదురుగ గూసుంటలేడు. అడుగుతె గిరాకీ లేదని లేచిన అంటడు."

భద్రయ్య మెడ వంచుకున్నాడు. "నూరుమందిల గిట్ల అంటవేమే."

"తార్‌బాబు ఇంటామె అనలేదా నూరుమందిల? ఆమె అనబట్టే ఆయన బతికిండు."

ఆ తర్వాత ఎవరినీ అడగనక్కరలేకపోయింది. ఒకరు నాలుగు రోజులన్నారు, ఒకరు వారమన్నారు. పాలగిన్నె ఆమె తన అత్తకన్నది, తర్వాత తనకు కూడా అన్నది. ఖాసిం సాబు తనకేమీ లేదని, ఇంట్లో చిన్నపిల్లకు నిన్నటి నుంచి ఉందని అన్నాడు. డాక్టరమ్మ అందరినీ వదిలి ఆయన వైపు తిరిగింది. "పెద్దోల్లకు మూడు దినాల గడువు చెప్పిన గని పసిపిల్లలకు గడువు లేదు సాబ్. పాలు తాగకుండ సోలిపోతే ఆ పూటనే తేవాలె. ఇప్పుడే పోయి తీసుకరాండ్రి."

వచ్చినవాళ్లను వరసగా కూర్చోబెట్టి ఆమె అందరినీ ఒకటే అడిగింది. "నీళ్లు యాడియి తాగుతున్రు?"

అందరిదీ ఒకటే బావి. సందు చివరి బావి. దాని పక్కనే ఉన్న దొడ్ల గోడ ఆగస్టు వానలకు ఒరిగి, నేల పగిలి చాలా రోజులైందని అందరికీ తెలుసు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు కనక, ఎవరికి వాళ్లు తమ కడుపే చెడిందనుకున్నారు. జీవరాజు బల్ల మీద పడుకుని, బదిలీ మీద వెళ్లిపోయిన టికెట్ కలెక్టరుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి డాక్టరమ్మ మనుషులు బావిలో మందు కలిపారు, నీళ్లు వంకాయరంగుకు తిరిగాయి. తేలిగ్గా ఉన్నవాళ్లకు కాచిన నీళ్లు, ఉప్పు గంజి, చేతులు కడుక్కోవడం చెప్పి ఇళ్లకు పంపేశారు. ఖాసిం సాబు పిల్ల రెండు రోజులు డాక్టరమ్మ ఒళ్లోనే ఉండి, మూడో రోజున ఆమె కళ్లజోడు లాగింది. దాంతో ఆ పిల్లనూ పంపేశారు. విరేచనం సూక్ష్మదర్శినిలో పెట్టి చూస్తే పురుగు కనిపించిన పదకొండు మంది మాత్రం మిగిలారు. వాళ్లకు ఆ పురుగును చంపే ఎమెటిన్ సూది రోజుకొకటి, మొత్తం పది. వరండాలో వరసగా పదకొండు మంచాలు వేశారు. తార్‌బాబు, పక్కన భద్రయ్య, ఆ పక్కన బ్రహ్మచారి.

"సూది గుండెను జెర అలసగొడ్తది" అంది డాక్టరమ్మ. "పదీ అయ్యేదాక మంచం దిగొద్దు. నడవొద్దు. ఉరుకుడు అసలే వద్దు. దొడ్డి తట్ట మంచం కాడికే వస్తది."

జీవరాజుకు నాలుగో రోజుకు నెత్తురు ఆగింది. అయిదో రోజున ఆకలి అన్నాడు. అది సోమవారం. ఫౌజు నిజంగానే సరిహద్దు దాటిందని ఆ పూట రేడియో చెప్పింది. పేటలో తలుపులు నిజంగా మూసుకున్నాయి. విమలమ్మ గంజి తెచ్చి, ఆ కబురు వరండాలో చెప్పింది. భద్రయ్య పక్కకు తిరిగి తార్‌బాబు మొహం చూశాడు. ఆ మొహం పదహారు రోజుల తర్వాత మొదటిసారి గంజి రుచి చూస్తోంది. ఎంతో ప్రశాంతంగా ఉంది.

"ఏం భయం లేదు" అన్నాడు భద్రయ్య భార్యతో. "పిల్లలను ఇంట్లనే ఉంచు."

"నిజంగా నాకేమీ తెలియదు భద్రయ్యా" అన్నాడు జీవరాజు.

"ఎట్ల తెలుస్తది తార్‌బాబు? నా పక్కన పండుకొనే ఉన్నరు గద."

అయిదు రోజులు గడిచాయి. శనివారం నాడు తిరుమలగిరి దిక్కు నుంచి నేల అదిరే చప్పుడు వినవచ్చింది. లారీలు, టాంకులు. ఆ వెనక జనం కేకలు, డప్పులు. నిజాం ఫౌజు ఆయుధాలు దింపిందని, ఇండియా ఫౌజు ఊళ్లోకి వస్తోందని చెప్పి నోవహు గేటు బార్లా తెరిచి రోడ్డు మీదికి పోయాడు. పేట మొత్తం రోడ్డు మీదనే ఉంది. వరండాలో పదకొండు తలలు ఒక్కసారి దిండ్ల మీద నుంచి లేచాయి.

భద్రయ్య రెండు కాళ్లూ నేల మీద పెట్టాడు. "డాక్టరమ్మా, రాజ్యమే మారుతుంది. ఒక్కసారి గేటు దాక బోయి జూసొస్త."

మేబెల్ డాక్టరమ్మ సూదులు మరగబెడుతోంది. వెనక్కి తిరగలేదు. "ఎన్ని అయినయి నీకు?"

"ఎనిమిది."

"ఇంక రెండున్నయి. పండుకో. కొత్త సర్కారు సోమవారం సుత ఉంటది."

సికింద్రాబాదులో రాజ్యం మారుతుండగా రాంగోపాల్‌పేట్‌కు చెందిన పదకొండు మంది గోడవైపు తిరిగి పడుకుని, తొమ్మిదో సూది కోసం జబ్బ చాపారు.